మత్స్యకారుల యానసాధనములు: చమురు వ్యయము, వాహననిర్ణయము



గంగానదిని శ్రీరామచంద్రునిచే దాటించిన గుహుని నావను గూర్చి మన పెద్దలు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. ఆ నావ నడుచుటకైన వ్యయమెంత యని మాత్ర మెవ్వరును అడిగినవారు లేరు. అడుగవలసిన పనియు లేకుండెను. గెడ గుహునిది, భుజబలము గుహునిది, ప్రవాహము గంగది. నేటి మత్స్యకారుని స్థితి యట్టిది కాదు. తీరము విడుచుటకు చమురు, వేట సాగుటకు చమురు, పట్టిన చేప చెడక యుండుటకై మంచు చేయువానికి విద్యుత్తు, తీరమునుండి సంతకు చేరుటకు మరల చమురు కావలెను. వలలో చేప పడకముందే ఋణము పడుచున్నది. ఈ మార్పు ఒక్కదినమున వచ్చినది కాదు. ఇది వచ్చిన త్రోవను తెలిసికొన్నచో, ఇకముందు ఏ పడవను, ఏ బండిని ఎన్నుకొనవలయునో మనకే స్పష్టపడును. అందులకే ఈ చిన్న వ్యాసము.

గాలికి వెల లేని కాలము

ఆంధ్రతీరమున జాలరులు, వాడబలిజలు, పల్లెకారులు, అగ్నికులక్షత్రియులు మొదలగు మనవారందరును ఆయా తీరముల స్వభావము ననుసరించి పడవలను కల్పించుకొనిరి. అలలు తీవ్రముగ విరుగు ఉత్తరతీరమున తేలికజాతి మ్రాకులను త్రాళ్లతో కట్టిన తెప్ప పుట్టెను. పలకలకు మేకులు కొట్టక కొబ్బరినారతో కుట్టిన పడవయు అచ్చటిదే. మేకులు కొట్టిన పడవ అలతాకిడికి పగులును. కుట్టిన పడవ అలతోపాటు వంగి లేచును. కాకినాడ ప్రాంతపు నిలుకడనీట నావలు పెరిగెను. మదరాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్సు హార్నెలు పండితుడు భారతదేశపు పడవల రీతులను గూర్చి 1920వ సంవత్సరమున వెలువరించిన గ్రంథమున, తీరమును బట్టియే పడవ రూపము మారునని నిరూపించెను. మనవారు ఆ శాస్త్రమును చదువక మునుపే ఆచరించుచుండిరి.

ఆ దినములలో ప్రయాణమునకు గాలియే ఇంధనము. తెల్లవారుజామున నేలనుండి సముద్రముమీదికి వీచు గాలితో తెరచాప యెత్తి లోనికి పోవుదురు. మధ్యాహ్నమునకు గాలి తిరిగి సముద్రమునుండి నేలకు వీవగా మరలి వత్తురు. ఈ రెండుగాలుల నడిమి కాలమే వేటకాలము. కాబట్టి వేటకుగల దూరమునకు గాలియే ఎల్ల. ఎంత పట్టినను సాయంకాలములోపల తీరము చేరి యమ్ముకొనవలసినదే. ఖర్చు స్వల్పము, దూరము స్వల్పము, రాబడియు స్వల్పము.

తీరమునుండి సంతకు పోవుట మన స్త్రీల పని. గంప నెత్తిన బెట్టుకొని, లేక పురుషులు కావడి భుజమున వేసికొని, క్రోసులకొలది నడిచిపోవుచుండిరి. నడకలో చెడకుండ చేరగల దూరమే పచ్చిచేపకు సంత. మిగిలినదంతయు ఉప్పుచేప, ఎండుచేప కావలసినదే. ఉప్పుపైని పన్ను హెచ్చుగానున్న ఆ కాలమున, పందొమ్మిదవ శతాబ్దపు చివరిపాదమున, మదరాసు ప్రభుత్వమువారు తీరమునందు చేపల నుప్పువేయు ఆవరణములను నెలకొల్పి అందు చౌకగా ఉప్పు నిచ్చుచుండిరి. ప్రయాణసాధనము లేమియే చేపను ఎండబెట్టించినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కాలువలు, ఇనుపదారి

ప్రయాణవ్యయమును మొదట తగ్గించినవి కాలువలు. కాటనుదొర పర్యవేక్షణమున ధవళేశ్వరపు ఆనకట్ట 1852వ సంవత్సరమునకు పూర్తికాగా గోదావరి కాలువలలో పడవలు నడిచెను. దక్షిణమున మదరాసు నానుకొని సాగిన కాలువకు 1878వ సంవత్సరమున బకింగుహాము పేరు వచ్చెను. కాకినాడనుండి మదరాసువరకు నీటిదారి యొక్కటియై నిలిచెను. మనిషి లాగినను, గాలి త్రోసినను, కాలువపడవ మోయుబరువు ఎడ్లబండి మోయలేదు. నీటిపై బరువు లాగుటకు కావలసిన బలము నేలపై కంటె మిక్కిలి తక్కువ. ఈ ధర్మము నేటి యంత్రయుగమునందును మారలేదు.

తరువాత ఇనుపదారి వచ్చెను. తూర్పుతీరపు రైలుమార్గము 1893వ సంవత్సరము మొదలుగ భాగములు భాగములుగా తెరువబడి, రాజమహేంద్రవరమువద్ద గోదావరివంతెన 1900వ సంవత్సరమున నడకకు రాగా, మదరాసు కలకత్తాలు కలసెను. చిలుకసరస్సు చేపలు మంచులో నుంచబడి కలకత్తాకు రైలుబండిపై పోవ మొదలిడెను. పూరీ, గోపాలపురముల తీరమున కాపురముండు తెలుగు మత్స్యకారులు దీనిని కన్నులార చూచిరి. అయితే ఇందొక సంగతి గమనింపవలయును. బండి వచ్చినదిగాని బండి మనది కాదు. మంచు గలవాడు, పెట్టెలు గలవాడు, కలకత్తాలో కొట్టు గలవాడు లాభమును పొందెను. దూరపుసంత తెరువబడినకొలది దళారి బలపడెను.

ఈ సత్యమును గుర్తించిన ఆంగ్లేయాధికారి ఫ్రెడరికు నికల్సను. ఈతడు 1895, 1897 సంవత్సరములలో వెలువడిన తన నివేదికలయందు ఋణపీడితులకు సహకార సంఘములే శరణ్యమని వాదించినవాడు. ఆయననే ప్రభుత్వమువారు 1905వ సంవత్సరమున మత్స్యపరిశ్రమ విచారణకు నియమించిరి. తెప్పనుండి ఒక్కగంతున పొగయోడకు పోరాదనియు, మెట్టుమెట్టుగా సాధనములను మెరుగుపరచుకొనవలయుననియు ఆయన తలంపు. ఆ కాలముననే బొగ్గుతో నడుచు వేటయోడలను బంగాళాఖాతమున పరీక్షించిరి. 1908వ సంవత్సరమున ‘గోల్డెను క్రౌను’, పిమ్మట మదరాసు ప్రభుత్వమువారి ‘లేడీ గోషెను’ అట్టివే. చేపలున్న తావుల వివరము లభించెనుగాని, ఆ యోడల రీతి మన పల్లెలలో పాదుకొనలేదు.

బొగ్గులారీలు, డీజిలు రాక

మోటారులారి మన రోడ్లపైకి వచ్చిన కొలది కాలమునకే రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. మనకు వచ్చు చమురులో గణనీయభాగము బర్మాదేశపు బావులది. 1942వ సంవత్సరమున బర్మా జపానువారి వశమగుటతో ఆ మార్గము మూతపడెను. పెట్రోలునకు పరిమితి విధింపబడెను. అంతట లారీలకు, బస్సులకు వెనుక పెద్ద ఇనుపకుంపటి తగిలించి, కట్టెబొగ్గును కాల్చి, దానినుండి వచ్చు వాయువుతో నడపిరి. బండి బయలుదేరుటకు ముందు చాలసేపు కుంపటి రాజవేయవలయును. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలయును. నేడిది విని నవ్వుదురుగాని, దానియందొక పాఠము గలదు. ఇంధనము దొరకనినాడు వాహనపు వేగము, సొగసు దేనికిని కొఱగావు; దొరకు ఇంధనముతో నడుచునదే మంచివాహనము.

స్వాతంత్ర్యానంతరము డీజిలు కాలము వచ్చెను. 1954వ సంవత్సరమున టాటావారు జర్మనీ దేశపు బెంజివారితో కలసి జంషెడ్‌పురమున డీజిలు లారీలను కూర్చుట మొదలిడిరి. మదరాసుకడ ఎన్నూరున అశోకు సంస్థవారు లేలాండువారితో కూడిరి. విశాఖపట్టణమున కాల్టెక్సువారి చమురుశుద్ధి కర్మాగారము 1957వ సంవత్సరమున పని ప్రారంభించెను. అది 1978వ సంవత్సరమున హిందూస్థాను పెట్రోలియమునందు లీనమయ్యెను. ఒకే కొలత చమురుతో పెట్రోలుబండికంటె డీజిలుబండి ఎక్కువదూరము పోవును, ఎక్కువబరువు మోయును. కావున బరువుబండ్లన్నియు క్రమముగా డీజిలువయ్యెను.

సముద్రముపైనను అదే జరిగెను. పంచవర్ష ప్రణాళికల కాలమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ నిపుణుల సాయముతో క్రొత్త పడవల నమూనాలు గీయబడెను. కాకినాడ యందు పడవలు కట్టబడెను. పాబ్లో, రొయ్య, సొర యను పేర్ల యంత్రపుపడవలు, పిదప మంచుగది గలిగి పలుదినములు సముద్రముపై నిలువగల సోనా పడవలు మనవారికి సుపరిచితములు. రొయ్య విదేశములకు ఎగుమతియగుట హెచ్చినకొలది యంత్రములు పెరిగెను. విశాఖనుండి పెద్ద వేటయోడలు హుగ్లీ ముఖద్వారముకడనున్న శాండ్‌హెడ్సు రొయ్యతావులవరకు పోవుచుండెను. గాలి గీచిన ఎల్ల చెరగిపోయెను. దాని స్థానమున చమురుపీపా పరిమాణము ఎల్లయై నిలిచెను.

చమురు నేర్పిన పాఠము

1973వ సంవత్సరాంతమున అరబ్బుదేశములు చమురును బిగబట్టగా ప్రపంచమున దాని ధర కొలదినెలలలో నాలుగింతలైనది. 1979వ సంవత్సరమున మరల పెరిగెను. యంత్రము పెట్టుకొన్న చిన్నవారందరును అప్పుడు మేల్కొనిరి. మదరాసు కేంద్రముగ పనిచేసిన బంగాళాఖాత కార్యక్రమమువారు తీరమున దిగు క్రొత్తపడవలను పరీక్షించుటయే గాక, చిన్నపడవల ఇంధనవ్యయమును తగ్గించుట యెట్లను విషయముపై నౌకానిర్మాణ నిపుణుడు గుల్‌బ్రాండ్సను రచించిన పుస్తకమును 1986వ సంవత్సరమున ప్రచురించిరి. అట్టి నిపుణులు బోధించు ముఖ్యాంశములు నేటికిని మారనివి గనుక, మన సరంగులకు ఉపకరించునట్లు చెప్పుచున్నాను.

మొదటిది వేగము. నీటిని చీల్చుకొనిపోవు పడవకు వేగము కొంచెము పెరిగిన, చమురు మిక్కిలి పెరుగును. స్థూలముగ, వేగమును పదింట ఒకవంతు తగ్గించినచో అంతేదూరమునకు పట్టు చమురు ఇంచుమించు అయిదింట ఒకవంతు తగ్గును. రేవునకు ముందుగా చేరి మంచిధర పొందుట నిజముగ సాధ్యమైననాడే తొందర తగును. ఊరక పోటీకై యంత్రమును గట్టిగా నడుపుట డబ్బును పొగగొట్టమున విడుచుటయే. రెండవది పంకా. చిన్నపంకా వేగముగ తిరుగుటకంటె, తగిన పెద్దపంకా నిదానముగ తిరుగుట మేలు. మూడవది అడుగుభాగము. నాచు, గవ్వలు పట్టిన పడవ, చెప్పులో రాయితో నడచు మనిషివంటిది. వేటనిషేధ దినములలో దానిని గీకి రంగువేయుట వ్యయము కాదు, ఆదాయము. నాలుగవది తెరచాప. గాలి అనుకూలించినప్పుడు యంత్రముతో కూడ చాప యెత్తుట తాతలకు తక్కువతనము కాలేదు, మనుమలకును కానేరదు.

ఇంతకంటె ముఖ్యమగు సంగతి యొకటి గలదు. మన వాటాపద్ధతి ప్రకారము, అమ్మకపు సొమ్ములోనుండి డీజిలు, మంచు, తిండి ఖర్చులను ముందుగా తీసివైచి, మిగిలినదానినే యజమానికిని, కళాసులకును పంచుట ఎన్నోరేవుల యందు ఆచారము. కాబట్టి చమురుభారము యజమానిదే యని కళాసి అనుకొనుట పొరబాటు. ఉదాహరణమునకు, రెండులక్షల రూపాయల చేప అమ్ముడుపోయినదనుకొందము. ఖర్చు లక్షయిరువదివేలైనచో పంచుటకు మిగులునది ఎనుబదివేలు. ఆ ఖర్చులో ఆరవవంతు, అనగా ఇరువదివేలు మిగిల్చినచో, పంచుట కొక లక్ష యుండును. ప్రతివాని వాటాయు నాల్గవవంతు పెరిగినట్లే. సరంగు చేతిలోని వేగపుకడ్డి కళాసి యింటిలోని అన్నపుకుండతో ముడిపడియున్నది.

ప్రభుత్వములు మత్స్యకారులకు డీజిలుపై రాయితీ నిచ్చుట తెలిసినదే. ఆంధ్రప్రదేశమున లీటరునకు 6 రూపాయల 3 పైసలుగా నుండిన రాయితీని 2019వ సంవత్సరమున 9 రూపాయలు చేసిరి. కాని కేంద్రప్రభుత్వము 2014 అక్టోబరునందు డీజిలుధరను సంతకు విడిచిన పిమ్మట ధర పైకెగయుచు, 2021 అక్టోబరునాటికి రాష్ట్రమున లీటరు నూరురూపాయలు దాటెను. రాయితీ స్థిరము, ధర చంచలము. స్థిరమైన సాయమునుమాత్రమే నమ్ముకొని చంచలమైన వ్యయమునకు తలయొగ్గరాదు.

బండి యెట్టిది కావలయును?

ఇక నేలపై ప్రయాణమును చూతము. కొల్లేటి ప్రాంతమునను, డెల్టా యందును చేపలచెరువులు 1980 దశాబ్దమునుండి విస్తరింపగా, కైకలూరు, ఆకివీడు, భీమవరము ప్రాంతములనుండి మంచుపెట్టెలతో నిండిన లారీలు హౌరా సంతకును, అస్సామునకును పోవుట నిత్యకృత్యమైనది. చెరువుచేప కీ మార్గము తెరచినవారే దూరపురవాణా లెక్కలను చక్కగా నేర్చిరి. సముద్రపు మత్స్యకారుడు ఆ లెక్కను వారినుండి నేర్వవలయును.

బండి కొనువాడు సాధారణముగ, “లీటరునకు ఎన్ని కిలోమీటర్లు?” అని యడుగును. అది కారు కొనువాని ప్రశ్న. చేపలవాడు అడుగవలసినది, “సంతకు చేరిన ఒక్కొక్క టన్ను చేపకు ఎన్ని లీటర్లు?” అని. సుమారు 1,200 కిలోమీటర్ల దూరపు సంతకు పోవు రెండుబండ్లను ఊహింపుడు. పదిటన్నులు మోయు లారి లీటరునకు నాలుగు కిలోమీటర్లు పోవుననుకొన్నచో, దానికి పట్టునది 300 లీటర్లు. టన్ను బరువునకు 30 లీటర్లు. ముప్పాతికటన్ను మోయు చిన్నబండి లీటరునకు పదునైదు కిలోమీటర్లు పోయినను, దానికి పట్టునది 80 లీటర్లు. టన్ను బరువునకు నూటికి మించును. చూచుటకు చిన్నబండి పొదుపరి. లెక్కకు పెద్దబండి పొదుపరి.

అయితే ఆ పదిటన్నులలో చేప యెంత? చేపకు సమముగ మంచు వేసినచో చేప అయిదుటన్నులే. అప్పుడు టన్ను చేపకు 60 లీటర్లు పడినట్లు. అనగా మనము కొన్న డీజిలులో సగము, దారిలో కరగిపోవు నీటిని మోయుటకే వినియోగపడుచున్నది! వేడి చొరనీయని గోడలుగల బండియైనచో మంచు తక్కువ చాలును. ఆ మేరకు చేప ఎక్కువ పట్టును. అట్టి పెట్టెకు ముందుగా పెట్టిన సొమ్ము ప్రయాణ ప్రయాణమునకు తిరిగివచ్చును. మరియొక సంగతి తిరుగుప్రయాణము. వట్టిబండి మరలివచ్చినచో ఆ చమురుకూడ చేపపైననే పడును. తిరుగుబరువు కుదుర్చుకొనలేనివాడు సొంతబండి కొనుటకంటె కిరాయిబండి మాటాడుకొనుట మేలు.

దగ్గరిసంతల సంగతి వేరు. ఉప్పాడనుండి కాకినాడకు పోవుటకు పదిటన్నుల లారి యెందులకు? అది నిండువరకు నిలిచినచో మంచు కరుగును, చేప మెత్తబడును, ధర పడిపోవును. ఇట్టి పనికి చిన్నబండ్లే తగును. తెలుగుగడ్డపై జహీరాబాదున 1980 దశాబ్దమున ఆల్విను నిస్సాను తేలికలారీలు తయారగుటయు, 1986వ సంవత్సరమున టాటావారి 407 వచ్చుటయు, 2005వ సంవత్సరమున వారి ‘ఏస్’ యను చిన్నబండి వచ్చుటయు ఈ అవసరమును తీర్చెను. ఈ చిన్నబండ్లవలన మిక్కిలి మేలు పొందినవారు మన స్త్రీలు. చేపలగంపతో బస్సెక్కబోయి, వాసనయని దింపివేయబడిన అవమానమును ఎఱుగని మత్స్యకారవనిత యుండదు. నలుగురైదుగురు కలసి యొక బండిని మాటాడుకొని పోవుట నేర్చినపిదప ఆ అవమానము కొంత తప్పినది. ఎవరి బండియో అయినను, ఎక్కుటకు ఎవరి దయయు అక్కరలేకపోయెను.

దూరపు వేట, దూరపు బ్రతుకు

ఇన్ని సాధనములు వచ్చినను శ్రీకాకుళము, విజయనగరము తీరముల యువకులు ప్రతియేటను గుజరాతునందలి వెరావలువంటి రేవులకు పోయి, పరుల పడవలపై నెలలకొలది వేటాడవలసి వచ్చుట మనకెల్లరకు మనస్తాపకరము. పలుదినములు సముద్రముపై నిలువగల పడవకు రేవు కావలయును. ఇసుకతిన్నెపైకి ఈడ్చుకొను తెప్పకు అక్కరలేదు. రేవు లేనిచోట పెద్దపడవ లేదు. పెద్దపడవ లేనిచోట దూరపువేట లేదు. వేట లేనిచోట మనిషియే దూరము పోవలసివచ్చెను. 2018 నవంబరునందు అట్లు పోయిన మనవారు పాకిస్థానువారికి చిక్కి, వారిలో ఇరువదిమంది 2020 జనవరియందు వాఘాసరిహద్దున విడుదలయై యిల్లు చేరిరి. ఆ కష్టమును ఆధారముగ గొని ‘తండేల్’ యను చలనచిత్రము 2025వ సంవత్సరమున వెలువడగా దేశమెల్ల చూచినది. ఆ 2020వ సంవత్సరముననే, కరోనా నిర్బంధకాలమున, గుజరాతున చిక్కుకొన్న వేలకొలది ఆంధ్ర మత్స్యకారులను బస్సులలో స్వగ్రామములకు చేర్చవలసివచ్చెను. వేటకు పోయినవాడు పడవలో గాక బస్సులో ఇల్లు చేరుట చరిత్రలో వ్రాసికొనదగిన వింత.

చమురు తెచ్చిన మరియొక ముప్పును మరువరాదు. 2023 నవంబరు 19వ తేది రాత్రి విశాఖపట్టణపు చేపలరేవున అగ్ని చెలరేగి నలుబదికి దగ్గరగా పడవలు కాలిపోయెను. ఒకదాని నొకటి ఆనుకొని కట్టిన పడవలు, వాటియందు డీజిలు, వంటవాయువు బుడ్లు! తాతలు తెప్పను రాత్రి ఒడ్డున ఆరబెట్టి నిశ్చింతగా నిదురించిరి. ఇంధనమును మోయు మనకు కావలికాయుట గూడ వృత్తిలో భాగమైనది.

విన్నపము

చరిత్ర చెప్పునదేమనగా, మనకు సాధనములు రాకపోలేదు; వచ్చినవి మనచేతిలో నిలువలేదు. రైలు వచ్చినప్పుడు మంచు మనది కాకపోయెను. యంత్రము వచ్చినప్పుడు పెట్టుబడి సావుకారుదయ్యెను. లారి వచ్చినప్పుడు దానిపై మన చేప యెక్కెనుగాని మనము చాలవరకు ఎక్కలేదు. కావున ఈ మహాసభ ఎదుట మూడు విన్నపములు చేయుచున్నాను.

ఒకటి: ప్రతి యంత్రపుపడవయందును ఒక పుస్తకము నుంచి, ప్రతివేటకు పోసిన చమురు, పోయిన దూరము, పట్టిన చేప వ్రాయవలయును. వ్రాసినచో ఏ తావు లాభమో, ఏ తావు వట్టి ఆశయో ఆరునెలలలో తెలియును. ఆ పుస్తకమును కళాసులకును చూపవలయును. వాటాలో వారి సొమ్మున్నది. రెండు: ఒక్కొక్కడు అప్పుచేసి బండి కొనుటకు బదులు, ప్రతిరేవునను పదిమంది చేరి వేడి చొరని బండినొకదానిని సంఘముపేర కొనవలయును. నికల్సను నాడు చెప్పినదే నేటికిని శరణ్యము. మూడు: మన యువకులలో యంత్రశాస్త్రము నేర్చువారు పెరుగవలయును. మన బిడ్డలే పంకా నెన్నుకొని, యంత్రమును సరిచేయగల్గినచో, అమ్మువాడు చెప్పిన అశ్వబలమునెల్ల నమ్మి కొనవలసిన అగత్యము తప్పును.

గాలికి వెల లేనినాడు మన పెద్దలు గాలి రాకపోకల నెఱిగి బ్రతికిరి. చమురునకు వెలయున్న నాడు దాని లెక్క నెఱిగి బ్రతుకుట మన విధి. ఆ తెలివి మన రక్తమున లేకపోలేదు. కాగితముపై పెట్టుటయే తక్కువ.